ప్రాచీన నాగరికతల కట్టడాలు: రాతిలో మిగిలిన దిద్దుబాట్లు

ప్రాచీన కట్టడాల ప్రస్తావన వస్తే ముందుగా అంకెలు వచ్చి కూర్చుంటాయి. గిజాలోని ఖుఫు పిరమిడ్ అడుగున ఒక్కో భుజం 230 మీటర్లు, కట్టిననాటి ఎత్తు సుమారు 146 మీటర్లు, అందులో పట్టిన రాళ్ళు దాదాపు 23 లక్షలు. రోమ్‌లోని పాంథియాన్ గుమ్మటం అడ్డకొలత 43 మీటర్ల పైచిలుకు. ఈ అంకెలన్నీ నిజమే. అయితే అవి మనల్ని నోరు తెరిపించి అక్కడే వదిలేస్తాయి. నోరు తెరిచి చూసేవాడికి కట్టడం ఎంత పెద్దదో తెలుస్తుంది, ఎలా ఆలోచించి కట్టారో తెలియదు. పరిమాణాన్ని పక్కన పెట్టి మరో వైపు నుంచి చూడాలన్నది ఈ వ్యాసం వాదన. కట్టినవాళ్ళు ఎక్కడ తడబడ్డారు, పని మధ్యలో ఎక్కడ మనసు మార్చుకున్నారు, పగిలినదాన్ని ఏం చేసి నిలబెట్టారు అని వెతికితే ఆ కట్టడంలోని ప్రతిభ అసలు కొలతలో కనిపిస్తుంది. వ్రాతప్రతిలో కొట్టివేతలు శుభ్రప్రతికి ఎక్కవు. రాయి అలా కాదు. చాలాచోట్ల కొట్టివేతలను కూడా దాచిపెట్టింది.

ఇందుకు ఈజిప్టును మించిన ఉదాహరణ లేదు. పిరమిడ్ నేర్చుకున్న కథ అంతా అక్కడ సుమారు నూరేళ్ళలో జరిగింది, దాని ప్రతి మెట్టూ ఎడారి అంచున ఇంకా నిలబడే ఉంది. క్రీ.పూ. 2650 ప్రాంతంలో సక్కారాలో జోసెర్ రాజు సమాధి మొదలైనప్పుడు అది పిరమిడ్ కాదు. అంతకుముందు రాజులకు కట్టినట్టే, పైన చదునుగా ఉండే తక్కువ ఎత్తు దిమ్మ. దాన్ని ముందు పక్కలకు పెంచారు, తర్వాత నాలుగు అంతస్తులుగా లేపారు, చివరికి ఆరు అంతస్తులు చేసి 60 మీటర్ల ఎత్తుకు చేర్చారు. ఇమ్‌హోటెప్ అనే అధికారి పేరుతో ముడిపడిన ఈ పనిలో వాడిన సున్నపురాళ్ళు చిన్నవి. అంతవరకు పచ్చి ఇటుక పేర్చిన చేతులు రాతిని కూడా ఇటుకలాగే పట్టుకున్నాయి. ప్రాంగణంలోని స్తంభాలు రెల్లు మోపుల ఆకారంలో ఉండి పక్కనున్న గోడలకు అతుక్కుని ఉంటాయి. రాతి స్తంభం ఒంటరిగా నిలబడి కప్పు మోస్తుందన్న నమ్మకం వాళ్ళకింకా కుదరలేదు. ఆ తర్వాతి తరంలో మేదూమ్ పిరమిడ్‌ను మెట్లుగా కట్టి, మెట్లు నింపి నున్నటి వాలు చేయాలని చూశారు. పైన వేసిన ఆ తొడుగుకు కింద గట్టి రాయి లేదు, ఇసుక ఉంది. లోపలి మెట్ల ముఖాలు నునుపుగా ఉండడంతో కొత్త రాతికి పట్టు దొరకలేదు. తొడుగు జారిపోయింది. ఈనాడు రాళ్ళ గుట్ట మధ్య నుంచి బురుజులా లేచిన లోపలి భాగమే కనిపిస్తుంది. అది పని జరుగుతున్నప్పుడే కూలిందా, చాలా కాలం తర్వాతా అన్నదానిపై పండితుల్లో వాదం ఉంది. ఏ పక్షం నెగ్గినా లోపం మాత్రం కట్టుబడిలోనిదే.

దహ్షూర్‌లో స్నెఫెరు రాజు కట్టించిన వంపు పిరమిడ్ దగ్గర ఇంకాస్త ఆగాలి. దీని పక్కలు 54 డిగ్రీల వాలుతో లేచి, 47 మీటర్ల ఎత్తు దగ్గర ఒక్కసారిగా 43 డిగ్రీలకు ఒరిగిపోతాయి. దూరం నుంచి చూసేవారికి భుజాలు కుంగిన మనిషిలా అనిపిస్తుంది. కారణం లోపలికి వెళ్తే తెలుస్తుంది. కింద నేల గట్టి రాయి కాదు. బరువు పెరిగేకొద్దీ అది కుంగింది, గదుల్లో చీలికలు వచ్చాయి. వాటిని గారతో పూడ్చారు, గోడలు దగ్గరకు రాకుండా దేవదారు దూలాలు అడ్డంగా బిగించారు. ఆ దూలాలు నాలుగున్నర వేల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. పైభాగం బరువు తగ్గించడానికి వాలు తగ్గించారు. కింది వరసల్లో రాళ్ళు లోపలికి ఒరిగి ఉంటే, పై వరసల్లో నేలకు సమాంతరంగా పరిచారు. అదే రాజు తర్వాత కట్టించిన ఎర్ర పిరమిడ్ మొదటి నుంచీ 43 డిగ్రీల వాలు, రాళ్ళన్నీ సమాంతరమే. తప్పు ఒప్పుకున్న తర్వాత వేసిన జాగ్రత్త అడుగు అది. ఖుఫు కాలానికి మళ్ళీ ధైర్యం వచ్చి వాలు 51 డిగ్రీలు దాటింది, కానీ ఈసారి కింద గట్టి రాతినేలను ఎంచుకున్నారు, అడుగుభాగాన్ని కొద్ది సెంటీమీటర్ల తేడాలో సమతలం చేశారు. అక్కడైనా కంగారు తప్పలేదు. రాజు గది మీద పరిచిన గ్రానైట్ దూలాలకు, బహుశా పని సాగుతుండగానే, పగుళ్ళు వచ్చాయి. వాటికి పూత పూసిన జాడలు పైనున్న బరువు తప్పించే అరల్లో దొరికాయి. అసలు అలాంటి అరలు ఒకదాని మీద ఒకటి అయిదు పెట్టడంలోనే ఒక భయం కనిపిస్తుంది.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం, నిజానికి అభ్యంతరం కన్నా ఒక మోజు అనాలి, ప్రాచీనులకు ఇప్పుడు అంతరించిన ఏదో రహస్య విద్య తెలుసన్నది. ఈనాటి యంత్రాలకూ సాధ్యం కానిది వాళ్ళు అవలీలగా చేశారంటూ సాగే ఆ కథలు ప్రశంసలా వినిపిస్తాయి. పైన చెప్పిన వరస ముందు అవి నిలవవు. రహస్యం చేతిలో ఉన్నవాడు మొదటిసారే సరిగ్గా కట్టాలి. మేదూమ్‌లో తొడుగు ఎందుకు జారుతుంది, దహ్షూర్‌లో నడిమధ్య వాలు ఎందుకు మారుతుంది? అస్వాన్ గనిలో ఇప్పటికీ పడుకుని ఉన్న అసంపూర్ణ స్తంభం పొడవు సుమారు 42 మీటర్లు, బరువు వెయ్యి టన్నులు మించుతుందని అంచనా. మూడు పక్కలా తొలిచాక పగుళ్ళు బయటపడడంతో దాన్ని అలాగే వదిలేశారు. గట్టి డోలరైట్ గుండ్లతో దంచుతూ తొలిచిన గుంటలు దాని చుట్టూ వరసగా కనిపిస్తాయి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో దొరికిన పపైరస్ పత్రాల్లో మెరెర్ అనే అధికారి తన బృందంతో తూరా గనుల సున్నపురాయిని పడవల మీద గిజాకు చేర్చిన రోజువారీ లెక్క ఉంది. అది మన ఊళ్ళలో ఇల్లు కట్టించే మేస్త్రి జేబులోని చిట్టా లాంటిది: ఏ రోజు ఎక్కడ సరుకు ఎక్కించారు, ఎక్కడ రాత్రి గడిపారు. రహస్య విద్య కథ ఇంత శ్రమను, ఇంత లెక్కను ఆ మనుషుల చేతుల్లోంచి లాక్కుని ఎవరో అజ్ఞాతుల ఖాతాలో వేస్తుంది.

రాయి దొరకని దేశాల్లో దిద్దుబాటు ఒక్కసారితో ముగిసేది కాదు, తరతరాల పని. ఇప్పటి దక్షిణ ఇరాక్‌లోని ఉర్ నగరంలో క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఉర్-నమ్ము రాజు మొదలుపెట్టిన జిగ్గురాత్ (మెట్లుగా లేచే గుడి దిమ్మ) లోపలంతా పచ్చి ఇటుక. బయట దాదాపు రెండున్నర మీటర్ల మందాన కాల్చిన ఇటుకను సహజంగా ఊరే తారుతో అతికి కవచంలా కట్టారు. పచ్చి ఇటుక తేమ పీల్చి ఉబ్బితే కవచం పగులుతుంది కాబట్టి గోడల్లో వరసగా సన్నని తూములు వదిలారు. బాగ్దాద్ దగ్గరున్న అఖర్ ఖూఫ్‌లో ఇటుక వరసల మధ్య రెల్లు చాపలు పరిచారు. అవి ఈనాటికీ గోడలోంచి అంచులు బయటపెట్టి కనిపిస్తాయి. ఉర్ కట్టడాన్ని పదిహేను వందల ఏళ్ళ తర్వాత బాబిలోన్ రాజు నబొనిడస్ మరమ్మతు చేయించాడు. ఇటుకల మీద రాజుల ముద్రలు ఉండడంతో ఏ భాగం ఎవరిదో చదువుకోవచ్చు. సింధు తీరాన మొహెంజొదారోలో ముద్రల అవసరమే రాలేదు. అక్కడ ఇటుక మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఇంటింటికీ ఒక్కటే. వీధుల మట్టం తరాల కొద్దీ పెరుగుతుంటే బావుల గోడలను కూడా అంతకంతకు పెంచుతూ పోయారు. తవ్వకాల్లో చుట్టూ మట్టి తీసేసరికి ఆ బావులు పొగగొట్టాల్లా ఆకాశంలోకి నిలబడ్డాయి. అక్కడ తారు పూతతో నీరు ఇంకకుండా కట్టిన మహాస్నానవాటికకే పేరు ఎక్కువ. కానీ ఊరి బుద్ధి చూడాలంటే ఆ బావుల దగ్గరకే వెళ్ళాలి.

దిద్దుబాటుకు వ్యతిరేక దిశలో లాగే శక్తి ఒకటుంది, దాని పేరు అలవాటు. కొత్త పదార్థం చేతికి వచ్చాక కూడా మనిషి పాతదాని ఆకారాన్ని వదలడు. జోసెర్ ప్రాంగణంలో రెల్లు మోపులు రాతి స్తంభాలయ్యాయి. గ్రీకుల డోరిక్ దేవాలయాల్లో దూలాల మీద వచ్చే గాళ్ళ పలకలు ఒకప్పటి చెక్క దూలాల కొసలకు గుర్తులని పురాతన రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్ కాలం నుంచీ చెబుతున్నారు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచి చేసిన గుండ్రటి చైత్యం లోపలికి వెళ్ళి తలెత్తితే పైకప్పులో వాసాలు కనిపిస్తాయి. కొండకు వాసాల అవసరం ఏముంది? కట్టెతో, గడ్డితో వేసిన గుండ్రటి ఇంటి కప్పును ఆ శిల్పులు రాతిలో ఉన్నదున్నట్టు చెక్కారు. సాంచీ రాతి కంచెలో అడ్డకమ్ములను నిలువు స్తంభాల తొర్రల్లోకి దూర్చిన తీరు అచ్చంగా వడ్రంగి పని. దీన్ని వెనుకబాటుతనం అనడం తేలిక. కానీ చెక్క ఆకారానికి అప్పటికే పవిత్రత అంటుకుంది. దాన్ని రాతిలో నిలుపుకోవడం భక్తి కూడా.

దిద్దుబాట్లు వెతికే ఈ చూపు మీద మరో అభ్యంతరం మొదటిదానికన్నా బరువైనది. పగుళ్ళూ తూములూ వెతకడం ఇంజనీరు పని, అందాన్ని ఆస్వాదించేవాడి పని కాదంటారు. ఏథెన్స్‌లోని పార్థెనాన్‌ను చూసి చలించినవాడికి దాని కొక్కేల సంగతి ఎందుకు? పార్థెనాన్ దగ్గరే దీనికి జవాబుంది. క్రీ.పూ. 447లో మొదలై 438 నాటికి చాలావరకు పూర్తయిన ఈ దేవాలయంలో నేల చదునుగా లేదు; నడిమి భాగం పొట్టి పక్కల సుమారు 6 సెంటీమీటర్లు, పొడుగు పక్కల 11 సెంటీమీటర్ల మేర ఉబ్బి ఉంటుంది. స్తంభాలు కొద్దిగా లోపలికి ఒరుగుతాయి, మూల స్తంభాలు మిగతావాటికన్నా లావు. వెలుగు ముందు నిలబడిన మూల స్తంభం సన్నగా అనిపిస్తుందని, చదునైన నేల మధ్యలో కుంగినట్టు కనిపిస్తుందని విత్రూవియస్ వివరణ. వాన నీరు జారడానికేనని కొందరి మాట. ఏదైనా, నేల ఉబ్బితే దాని మీద నిలిచే ప్రతి రాయీ దాని స్థానానికి తగ్గట్టు విడిగా చెక్కాలి. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. డోరిక్ పద్ధతిలో ఒక పాత చిక్కు కూడా ఉంది. గాళ్ళ పలక స్తంభం నడినెత్తిన రావాలి, గోడ మూలకూ రావాలి; రెండూ ఒకేచోట కుదరవు. అందుకే మూలన ఉన్న స్తంభాన్ని పక్కదానికి దగ్గరగా జరిపారు. గ్రీకు శిల్పులు తరతరాలుగా ఈ లెక్కతో కుస్తీ పట్టారు. ఆ తంటాలేవీ తెలియకపోయినా కట్టడం అందంగానే ఉంటుంది. కానీ అందం అనుకున్నది వేల చిన్న సర్దుబాట్ల మొత్తమని తెలిసినవాడి చూపు స్తంభం దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది.

రోమ్‌లో దిద్దుబాటు పదార్థంలోకే దిగింది. పాంథియాన్ ముఖద్వారం మీద రోమన్ సేనాని అగ్రిప్ప పేరు ఉన్నా, ఆయన కట్టించినది క్రీ.శ. 80లో తగలబడింది, మళ్ళీ కట్టినది 110లో పిడుగుపాటుకు కాలిపోయింది. ఇప్పుడున్నది ఇటుక ముద్రలను బట్టి ట్రేజన్ చక్రవర్తి చివరి ఏళ్ళ నుంచి హేడ్రియన్ చక్రవర్తి కాలం వరకు సాగిన పని. కాంక్రీటు గుమ్మటంలో కింద బరువైన రాతి ముక్కలు, పైకి పోయేకొద్దీ తేలిక ముక్కలు, శిఖరాన అగ్నిపర్వతాల నుంచి వచ్చిన నురగరాయి కలిపారు. మందం అడుగున 6 మీటర్లు దాటి, పైన రంధ్రం అంచున ఒకటిన్నర మీటరులోపే. అయినా గుమ్మటం కింది భాగం నిలువునా చీలింది. చీలికల మధ్య భాగాలు వరస కమానుల్లా ఒకదానికొకటి ఆనుకుని నిలిచాయి, పక్కనున్న మెట్ల వలయాల బరువు వాటిని బయటకు తోసుకోకుండా పట్టింది. ప్రాచీన యుగం అంచున, 537లో కాన్‌స్టాంటినోపుల్‌లో పూర్తయిన హాగియా సోఫియాకు ఆ అదృష్టం లేదు. దాని గుమ్మటం మరీ చదునుగా ఉండి పక్కలకు గట్టిగా తోసేది. భూకంపాలు కుదిపాక 558లో కూలింది. మొదటి వాస్తుశిల్పుల్లో ఒకరైన ఇసిడోర్ బంధువు, అదే పేరుగల చిన్న ఇసిడోర్, కొత్త గుమ్మటాన్ని సుమారు 6 మీటర్లు ఎత్తు పెంచి, 40 పక్కటెముకలు పోసి, 562లో పూర్తిచేశాడు. ఎత్తు పెరిగితే తోపు తగ్గుతుందన్న పాఠం అది. ఆ తర్వాత కూడా దానిలో భాగాలు రెండుసార్లు పడ్డాయి, రెండుసార్లూ కట్టారు.

కృష్ణా తీరపు బౌద్ధ స్తూపాలు ఈ కథలో ప్రత్యేకమైనవి. భట్టిప్రోలు స్తూపం నిండా ఇటుకే. ఘంటసాల, నాగార్జునకొండల్లో పద్ధతి మారింది: స్తూపం లోపల బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు నడిమి నుంచి అంచుకు సాగుతాయి, వాటి మధ్య ఖాళీల్లో మట్టి దట్టించారు. ధర్మచక్రానికి గుర్తు అని దాన్ని చదవడం సబబే. అదే చక్రం ఇటుకల ఖర్చు తగ్గించింది, నింపిన మట్టి పక్కలకు తోయకుండా అరలుగా పట్టుకుంది కూడా. అర్థం, పని రెండూ ఒకే గోడలో కుదిరిన సందర్భాలు వాస్తుచరిత్రలో అరుదు. ఇక అమరావతి మహాచైత్యం దాదాపు 50 మీటర్ల అడ్డకొలతతో శతాబ్దాల పాటు పెరుగుతూ, ముస్తాబు మార్చుకుంటూ వచ్చింది. 1797లో బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ అక్కడికి చేరేసరికి దాని రాళ్ళు కొత్త ఇళ్ళకు తరలిపోతున్నాయి. మిగిలినవాటిలో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకకు రెండు ముఖాలు ఉన్నాయి. క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కిన వైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కుతున్న మనుషులు. సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత దాన్నే తిప్పి వెనకవైపు నిండుగా అలంకరించిన స్తూపాన్ని చెక్కారు. పాత భక్తిని అవతల పారేయకుండా గోడవైపు తిప్పి పెట్టి, కొత్తదాన్ని లోకానికి చూపించారు. అమరావతి ఎలా ఉండేదో మనం ఊహించుకోవడానికి ఆ రెండో ముఖం కూడా ఆధారమే.

ఇంత మెచ్చుకుంటున్నారే, ఈ రాళ్ళ కింద నలిగినవాళ్ళ సంగతేమిటని అడగడం న్యాయమే. లక్షమంది చేత ఇరవై ఏళ్ళు పిరమిడ్ మోయించారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ విన్నది రాశాడు. గిజా పక్కన బయటపడిన పనివాళ్ళ ఊళ్ళో రొట్టెల బట్టీలు, పశువుల ఎముకలు, సమాధుల్లో విరిగి మళ్ళీ అతుక్కున్న ఎముకలు ఉన్నాయి. కొరడా కింద బానిసల గుంపన్న సినిమా బొమ్మ దానికి అతకదు, కానీ రాజు పిలిస్తే రానని చెప్పే వీలు ఉందనీ అర్థం కాదు. ఏథెన్స్‌లో ఎరెక్థియోన్ గుడి కట్టుబడి లెక్కల ప్రకారం పౌరుడికీ, పరదేశికీ, బానిసకూ రోజు కూలి ఒకే డ్రాక్మా. బానిస కూలి మాత్రం యజమానికే పోయేది. మూడవ రామెసెస్ 29వ ఏట, ధాన్యం సకాలంలో అందక రాజుల లోయ సమాధులు తొలిచే పనివాళ్ళు పనిముట్లు కింద పెట్టి బైఠాయించిన సంగతి ట్యూరిన్‌లోని పపైరస్‌లో ఉంది. రాజు పేరు చెప్పి కట్టడాన్ని మెచ్చుకుంటే ఈ మనుషులందరూ మాయమవుతారు. గారపూత, దేవదారు దూలం, డోలరైట్ గుండు దెబ్బల జాడ చూసేవాడికి వాళ్ళు అడుగడుగునా ఎదురవుతారు. మెచ్చుకోలు రాజుకు క్షమాపత్రం రాసివ్వడం కాదు.

నిలిచినవాటిని మాత్రమే చూసి మాట్లాడుతున్నామన్న ఆక్షేపణ మరొకటి. నిజమే, మట్టీ కట్టే వెదురూ వాడిన నాగరికతలు ఈ పోటీలో మొదటే ఓడిపోతాయి. గంగా మైదానపు చెక్క నగరాల్లో పాటలీపుత్రపు దుంగల కోటగోడ ముక్కలు తప్ప చూపడానికి పెద్దగా లేదు. జపాన్‌లోని ఇసే మందిరాలు ఈ లెక్కను మరోలా తేల్చాయి. ఏడో శతాబ్దం చివరి నుంచి, యుద్ధకాలపు విరామాలు తప్పిస్తే, సుమారు ఇరవై ఏళ్ళకోసారి పక్క స్థలంలో అచ్చం అలాగే కొత్తగా కట్టి పాతది విప్పేస్తారు. 2013లో జరిగింది 62వ సారి. అక్కడ ఏ దుంగా ప్రాచీనం కాదు, వడ్రంగి చేతిలోని పని ప్రాచీనం. మరమ్మతునే కట్టుబడిగా మార్చిన ఈ పద్ధతి ముందు, రాయి కదలకుండా ఉండడమే గొప్ప అన్న మన అంచనా కాస్త తడబడాల్సిందే.

మరమ్మతు ఎంత సున్నితమైన విద్యో మళ్ళీ పార్థెనానే చెప్పింది. ప్రాచీన గ్రీకులు పాలరాతి దిమ్మలను ఇనుప కొక్కేలతో బిగించి, కొక్కేల చుట్టూ సీసం పోశారు. గాలి, నీరు తగలక ఇనుము తుప్పు పట్టలేదు. 1687లో ఫిరంగి గుండు తగిలి లోపల నిలవ ఉంచిన మందుగుండు పేలడంతో కట్టడం నడుము విరిగింది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఇంజనీరు నికొలావొస్ బలనోస్ పడిపోయిన స్తంభాలను లేపి కొత్త ఇనుప కొక్కేలు వాడాడు, కానీ సీసం కవచం వేయలేదు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, రెండువేల ఏళ్ళకు పైగా నిలిచిన పాలరాతిని లోపలి నుంచే చీల్చడం మొదలుపెట్టింది. గత కొన్ని దశాబ్దాలుగా అక్కడి పనివాళ్ళు ఆ ఇనుమంతా ఊడబెరికి టైటేనియం బిగిస్తున్నారు, బలనోస్ తప్పు చోట్ల పెట్టిన దిమ్మలను వాటి అసలు స్థానాలు వెతికి తిరిగి చేరుస్తున్నారు. తగ్గిన ముక్కలకు అదే పెంటెలికస్ కొండ పాలరాయి తెచ్చి, పాతదాని విరిగిన అంచుకు సరిగ్గా అతికేలా చెక్కుతున్నారు. కొత్త రాయి పాతదానికన్నా తెల్లగా ఉంటుంది, ఆ తేడా కనిపించేలానే వదిలేస్తున్నారు.